యాభై ఎనిమిదో సంతకం

జనవరి 12, ఆదివారం

చంటీ,

ఫోను చేస్తే పోయేదానికి ఉత్తరాలేమిటని మీ అన్నయ్య దగ్గర నవ్వావట. ముప్ఫై ఒక్క ఏళ్లుగా లైబ్రరీలో రెఫరెన్సు డెస్కు దగ్గర కూర్చుంటున్నదాన్ని. ఫోన్లో అన్న మాట రెఫరెన్సుకి పనికిరాదు. ఇవాళ ఒకటి అని, రేపు "నేనెప్పుడన్నాను వదినా?" అంటావు. కాగితం మీదైతే దొరికిపోతావు. పైగా పొద్దస్తమానం తెర చూసి కళ్లు మండుతున్నాయని గోల పెట్టేదీ నువ్వే. అందుకని నేను రాస్తాను, నువ్వూ రాయాలి. గీతల కాగితం దొరకలేదన్న సాకులు చెల్లవు.

మీ అన్నయ్య బాగున్నారు. రిటైరైనప్పటి నుంచి పేపరు పైకి చదువుతున్నారు. వినేవాళ్లున్నారా లేరా అన్న పట్టింపు లేదు, చిన్న ప్రకటనలు కూడా వదలరు. మొన్న "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అని గొంతెత్తి చదివేసరికి పక్కింటావిడ పరుగున వచ్చి, "మీరు ఖాళీ చేస్తున్నారా, నాతో ఒక్క మాటైనా అనలేదే!" అని నా మీద నిష్ఠూరమాడింది.

నా డెస్కు మీద కొత్త కంప్యూటరు పెట్టారు. నువ్వు పనిచేసే ఆన్‌లైన్ విజ్ఞానకోశం అందులో ఒక్క నొక్కుతో తెరుచుకుంటుంది. మొదట్లో నాకు ఒళ్లు మండిన మాట నిజం. నా కార్డుల బీరువా ఏమైపోవాలి? ఎవరేం అడిగినా ప్రశ్నకొక కార్డు చొప్పున, పైన ప్రశ్న, మధ్యలో జవాబు, అడుగున ఆధారం రాసి పెట్టుకున్న ముప్ఫై ఒక్క ఏళ్ల కష్టం అది. కానీ ఇప్పుడు మాకు రాజీ కుదిరింది. నిన్న ఒక టైలరు వచ్చి పట్టుగుడ్డ మీద తుప్పు మరక ఎలా పోతుందని అడిగాడు. అది నా కార్డుల్లో ఉంది. తిమింగలం ఎంతసేపు ఊపిరి బిగబట్టగలదని ఒక బడిపిల్ల అడిగింది. అది మీ కోశంలో ఉంది. మీరూ మేమూ కలిసి ఊరందరి సందేహాలూ తీరుస్తున్నాం, ఎవరూ గుర్తించకపోయినా.

అసలు సంగతి చెప్పలేదు. గురువారం నర్సమ్మగారు వచ్చారు. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఆవిడ. రోజూ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పత్రికలు చదువుకుని వెళ్తారు. మా లైబ్రరీ డెబ్భై ఐదేళ్ల సందర్భంగా వేసే పుస్తకానికి పాత పాఠకుల జ్ఞాపకాలు అడిగాం కదా, ఆవిడ వాళ్ల అమ్మ గురించి రెండు పేజీలు రాస్తున్నారు. ఈ లైబ్రరీలో చేరిన మొదటి మహిళా సభ్యురాలు ఎవరో చూసి చెప్పమన్నారు.

చూడ్డానికేముంది! అది మీ అమ్మే కదా. అయినా పద్ధతి పద్ధతే. సొరుగు లాగి కార్డు చూపించాను. కోశంలో మా లైబ్రరీ పేజీ తెరిచి అదీ చూపించాను. రెండు చోట్లా అత్తయ్య పేరే. ఆవిడ చాలాసేపు తెర వైపే చూసి, "మా అమ్మ అనుకున్నానండీ. ఇక్కడ ఊడ్చేది. సభ్యత్వం కూడా ఉండేదని చెప్పేది. మా పిల్లలు నమ్మరు. వాళ్లకి అమ్మమ్మ అంటే చీపురే" అన్నారు. పాపం అనిపించింది. కానీ రెండు ఆధారాలున్నాక నేనేం చేయను? మర్యాదగానే కాదన్నాను. కాగితం నాలుగు మడతలు పెట్టుకుని వెళ్లిపోయారు.

ఏమైనా మీ అమ్మ పేరు చూసి నా ఛాతీ ఉబ్బింది. నువ్వూ సంతోషిస్తావని రాస్తున్నాను.

జవాబు ఆలస్యమైతే ఊరుకోను.
వదిన


జనవరి 20, సోమవారం

వదినా,

గీతల కాగితం దొరికింది. మూడు దుకాణాలు తిరిగాను. మూడో దుకాణంలో ముసలాయన "ఇంకా ఇవి రాసేవాళ్లున్నారా?" అని నన్ను ఎగాదిగా చూశాడు. నీ మూలంగా ఊళ్లో నాకు వింతమనిషినన్న పేరొచ్చింది.

అన్నయ్యని కాస్త చిన్న గొంతుతో చదవమను. లేకపోతే ఇల్లు నిజంగానే ఎవరో అద్దెకు తీసుకుంటారు.

ఇక్కడ మా ఆఫీసులో ఎనిమిది మందిమి, నాలుగు కుండీలు, ఒకే ఒక్క మంచి కుర్చీ. దాని కోసం పొద్దున్నే తోసుకుంటాం. పని నీకు తెలిసిందే. ఎక్కడెక్కడి వాళ్లో కోశంలోకి రాసి పంపుతారు, మేం ఒక్కో వాక్యానికీ ఆధారం ఉందా లేదా అని చూస్తాం. మా పెద్దాయనకి మేం పెట్టుకున్న పేరు పెద్ద కత్తెర. ఆధారం లేని వాక్యం కనిపిస్తే చాలు, అది ఎంత అందంగా ఉన్నా, ఎవరు ఏడ్చినా కత్తిరించేస్తాడు. పుట్టినరోజు నాడు ఆయనకి నిండు నూరేళ్లూ అని కార్డు రాసిస్తే, "ఆధారం?" అన్నాడు. నవ్వకుండా అన్నాడు.

అమ్మ సంగతి చదివి రెండు రోజులు గాల్లో నడిచాను. ఆ వాక్యం ఎవరు రాశారనుకున్నావు? నేనే! రెండేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో. సెలవుల్లో మీ దగ్గరికి వచ్చినప్పుడు నీ బీరువా సొరుగు లాగి ఫోటో తీసుకున్నాను కదా, గుర్తుందా? సొరుగు ఆరు, కార్డు నంబరు 412. ఫుట్‌నోట్‌లో అదే ఇచ్చాను. పెద్ద కత్తెర కూడా నోరెత్తలేదు. నువ్వు రాసిన కార్డంటే శిలాశాసనం కదా.

ఆ నర్సమ్మగారిని చూస్తే జాలేస్తోంది. కానీ ప్రతివాళ్లూ మా అమ్మే మొదట అంటే ఎలా కుదురుతుంది?

కళ్ల మంట తగ్గింది. ఉత్తరం పుణ్యమేనని ఒప్పుకోను.
నీ చంటి


జనవరి 27, సోమవారం

చంటీ,

నీ ఉత్తరం మధ్యాహ్నం టీ తాగుతూ చదివాను. 412 దగ్గరికి వచ్చేసరికి గ్లాసు బల్ల మీద పెట్టేశాను. టీ చల్లారిపోయింది.

ఒక్కసారి నిదానంగా ఆలోచించు. ఆవిడకి నేను రెండు ఆధారాలు చూపించాను, ఒకటి నా కార్డు, రెండోది మీ కోశం. ఆ కోశానికి ఆధారం ఏమిటయ్యా అంటే మళ్లీ నా కార్డే. అంటే రెండు కాదు. ఉన్నది ఒక్కటే, అదే రెండు చీరలు కట్టుకుని వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో ఇంత తెలివితక్కువ పని చేయలేదు. నువ్వు నన్ను నమ్మావు, నేను నిన్ను నమ్మాను, మధ్యలో ఆ పెద్దావిడ కాగితం మడత పెట్టుకుని వెళ్లిపోయింది.

సరే, మరి ఆ కార్డుకి ఆధారం ఏమిటి? సొరుగు లాగి చూశాను. అక్షరాలు నావే, చేరిన మొదటి నెలలో రాసినవి. అడుగున ఆధారం దగ్గర ఏం రాశానో తెలుసా? "విశ్వసనీయ వ్యక్తి." ఆ వ్యక్తి మా అత్తగారు!

అంతా కళ్లకు కట్టినట్టు గుర్తొచ్చింది. పెళ్లై రెండు నెలలు, ఉద్యోగంలో చేరి రెండు వారాలు. అప్పుడు నీకు పద్నాలుగేళ్లు, రెండు జడలు, నా దువ్వెనలన్నీ మాయం చేసేదానివి. అత్తయ్య వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని, "మీ లైబ్రరీలో చేరిన మొదటి ఆడమనిషిని నేనే, రాసి పెట్టుకో" అన్నారు. రాసి పెట్టుకున్నాను. కొత్త కోడలు అత్తగారిని ఆధారం చూపించమంటుందా?

అత్తయ్య చెప్పింది నిజమే కావచ్చు. కానీ నిజమని మనకి తెలియదు. తేలేదాకా కోశంలో ఆ వాక్యం తీసెయ్యి. సభ్యుల పాత రిజిస్టరు ఎక్కడుందో వెతుకుతాను. పుస్తకం అచ్చుకి వెళ్లేది ఏప్రిల్ మధ్యలో. ఈలోపు తేలకపోతే, ఆవిడ వాళ్లమ్మ చీపురుగానే మిగిలిపోతుంది, అదీ నా మాట మీద.

నర్సమ్మగారు ఆ రోజు నుంచీ రావడం లేదు. కిటికీ పక్క కుర్చీ ఖాళీ. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటోంది.

వదిన


ఫిబ్రవరి 5, బుధవారం

వదినగారికి,

గారు అన్నానని ఆశ్చర్యపోకు. కోపమొచ్చినప్పుడు నేను మర్యాద ఎక్కువ చేస్తానని నీకు తెలుసు.

అమ్మ పోయి ఆరేళ్లయింది. తన గురించి లోకంలో ఒక్క వాక్యం ఉంది. ఒక్కటంటే ఒక్కటి. దాన్ని తీసెయ్యమని నువ్వు రాశావు. ఎందుకు తియ్యాలి? ఎవరో వచ్చి "మా అమ్మ అనుకున్నాను" అన్నందుకా? ఆవిడ దగ్గర మాత్రం ఏం ఆధారం ఉంది? నువ్వే రాసిన కార్డు, నువ్వే కాదంటున్నావు. ముప్ఫై ఏళ్లు శిలాశాసనం, ఇప్పుడు చిత్తుకాగితమా?

నీకూ అమ్మకీ పడేది కాదని నాకు తెలుసు. నువ్వు సర్దిన డబ్బాలు తను మళ్లీ సర్దేది. నీ ఉద్యోగం గురించి వచ్చినవాళ్లందరి దగ్గరా దెప్పేది. అవన్నీ నేను చూశాను. కానీ ఆ లెక్క ఇప్పుడు తేల్చుకోవడం నీకు న్యాయం కాదు.

అమ్మ అబద్ధం చెప్పదు. పొయ్యి మీద గిన్నె పెట్టి, నిలబడే పుస్తకం చదివేది. అన్నం మాడినా పేజీ తిప్పేది. అలాంటి మనిషికి దొంగ గొప్పలెందుకు?

వాక్యం తియ్యను. అన్నయ్యని అడిగానని చెప్పండి.

ఇట్లు,
కార్డు నంబరు 412 గారి కూతురు


ఫిబ్రవరి 14, శుక్రవారం

చంటీ,

నీ ఉత్తరం మీ అన్నయ్య పైకి చదివారు. పేపరు చదివినట్టే, ఏ మాటా మింగకుండా. ఆడపడుచు వదిన్ని ఎలా కడిగేసిందో పక్కింటావిడ కూడా విని ఉంటుంది. "దానికి కోపమొస్తే దాని చేతిరాత బాగుంటుంది" అని మడిచి ఇచ్చారు. నిజమే, చక్కగా రాశావు.

అవును, మాకు పడేది కాదు. డబ్బాల సంగతీ నిజం, దెప్పడమూ నిజం. కానీ ఆఖరి రెండేళ్లు చూపు తగ్గాక, రోజూ సాయంత్రం లైబ్రరీ నుంచి రాగానే చెప్పులైనా విడవనివ్వకుండా "ఏం తెచ్చావు?" అనేవారు. నేను చదివేదాన్ని, ఆవిడ మంచం మీద కాళ్లు ముడుచుకుని వినేవారు. తొందరగా చదివితే "బండి పోతోందా?" అని కసిరేవారు. ఆ రెండేళ్లలో మేం అరవై మూడు పుస్తకాలు పూర్తి చేశాం. అరవై నాలుగోది సగంలో ఉంది. అది నేను ఇంతవరకూ ముట్టుకోలేదు. మీ అమ్మ మీద నాకు పగ ఉందని మళ్లీ రాస్తే మాత్రం నేనే బస్సెక్కి వచ్చి నీ రెండు చెవులూ మెలిపెడతాను.

రిజిస్టరు దొరికింది. మెట్ల కింద గదిలో, పాత పేపర్ల కట్టల అడుగున. నీళ్లు కారి చెమ్మ తగిలి మొదటి పేజీలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. నేను గోరుతో విడదీయబోతే మా బైండరు కేక పెట్టాడు. "మేడమ్, చేతులు తీయండి! లాగితే సిరా అంతా అటు పేజీకి వెళ్లిపోతుంది" అన్నాడు. సన్నగా ఆవిరి పట్టి, తేమ పీల్చే బ్లాటింగ్ కాగితాలు దూర్చి, బరువు పెట్టి, రోజుకి రెండు పేజీల కంటే విడదీయనన్నాడు. బతిమాలినా వినలేదు. సరే కానీమన్నాను.

నర్సమ్మగారి ఇంటికి వెళ్లాను. తాళం వేసి ఉంది. ఎదురింటాయన "ఆస్పత్రికి తీసుకెళ్లారు" అని, ఇంకేం తెలీదన్నాడు. నా మాటకి కుంగిపోయి మంచం పట్టారేమో అనుకుంటూ ఇంటికొచ్చాను.

కోపం పోయాక రాయి. పోకపోయినా రాయి.
వదిన


ఫిబ్రవరి 22, శనివారం

వదినా,

అరవై మూడు పుస్తకాల సంగతి నాకు ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు? నేను ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ "మీ వదిన ఇవాళ కూడా ఆలస్యమే" అనేది. నేనేమో నీ మీద చాడీ అనుకునేదాన్ని. ఎదురుచూసేదన్నమాట. పోయిన ఉత్తరంలో నేను రాసిందంతా చింపి పారెయ్యి. అన్నయ్య చింపనివ్వకపోతే కనీసం మళ్లీ పైకి చదవద్దను.

ఇంకో సంగతి. నేను వాక్యం తియ్యలేదు కానీ దాన్ని ఎన్నిసార్లు చూశానో. చూసినప్పుడల్లా కింద 412 అని కనిపించేది. ఇంకెవరైనా ఇలాంటిది పంపితే ఒక్క క్షణంలో పట్టేసి, "మీ ఇంట్లోవాళ్లు చెప్పింది ఆధారం కాదండీ" అని పాఠం చెప్పేదాన్ని. మంగళవారం ఇక ఉండలేక పెద్ద కత్తెర గదిలోకి వెళ్లి మొత్తం చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "మా నాన్న కాలేజీలో ఫస్టు వచ్చానని చెప్పేవాడు. నేనెప్పుడూ వెతకలేదమ్మా" అన్నాడు. తర్వాత ఎప్పటి గొంతుతోనే "వాక్యం పక్కన గుర్తు పెట్టు" అన్నాడు.

పెట్టాను. అమ్మ పేరు పక్కన "దీనికి ఆధారం కావాలి" అని నా వేళ్లతో నేనే టైపు చేశాను. ఇంతవరకూ కొన్ని వేలసార్లు పెట్టి ఉంటాను ఆ గుర్తు. సొంత మనిషి పేరు పక్కన ఇదే మొదటిసారి.

నిజం చెప్పనా? రిజిస్టరులో అమ్మే మొదటిదని తేలాలని కోరుకుంటున్నాను. కానీ ఏం తేలినా దాచకు. నర్సమ్మగారి కబురు తెలిస్తే వెంటనే రాయి.

చెవులు రెండూ సిద్ధంగా ఉన్నాయి, మెలిపెట్టుకో.
చంటి


మార్చి 3, సోమవారం

చంటీ,

ముందు మంచి కబురు. నర్సమ్మగారికి జబ్బూ లేదు, కోపమూ లేదు. కంటి ఆపరేషను చేయించుకుని కూతురి ఇంట్లో ఉన్నారట. ముందే తేదీ ఇచ్చిన ఆపరేషను. నేను మూడు వారాలు నా పాపమేనని కుమిలిపోయింది దండగ. పది రోజుల్లో వస్తారు.

రెండో కబురు. కూర్చుని చదువు.

రిజిస్టరు విడింది. బైండరు చేతులకి దండం పెట్టాలి, ఒక్క అక్షరం చెరగలేదు. ఒకటి నుంచి యాభై ఏడు దాకా అందరూ మగవాళ్లే. యాభై ఎనిమిది నర్సమ్మగారి అమ్మ. పేరు స్పష్టంగా ఉంది. వృత్తి దగ్గర "ఈ లైబ్రరీలోనే ఊడ్చుట" అని ఉంది. వేలిముద్ర కాదు చంటీ, సంతకం. గుండ్రటి అక్షరాలు, ఒక్కొక్కటీ విడివిడిగా, తొందరేమీ లేకుండా పెట్టిన సంతకం. ఆ రోజుల్లో కొత్తగా చేరేవాళ్లకి పాత సభ్యుడో లైబ్రేరియనో పూచీ ఉండాలని నియమం. ఆమెకి పూచీ సంతకం పెట్టింది అప్పటి లైబ్రేరియన్.

మీ అమ్మ అరవై ఒకటి. తేదీ ఎనిమిది నెలల తర్వాతది. ఆడవాళ్లలో రెండోది.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ దాచొద్దన్నావు. మీ అమ్మ వరసలో పూచీ దగ్గర ఉన్న సంతకం యాభై ఎనిమిదిది. అవే గుండ్రటి అక్షరాలు. మీ అమ్మని లైబ్రరీలో చేర్చుకోమని పూచీ ఉన్నది ఆవిడే.

అంటే అత్తయ్యకి తెలుసు. తెలియకపోవడం కాదు, మరిచిపోవడమూ కాదు. ఊడ్చే మనిషి పూచీ మీద చేరానని చెప్పుకోలేక, ఆవిడనే లేకుండా చేసేశారు. దాన్ని నేను కార్డు మీదకెక్కించాను, నువ్వు లోకానికి చెప్పావు. రాస్తుంటే నాకే మొహం చెల్లడం లేదు. నీకు పంపాలా వద్దా అని నిన్నంతా తర్జనభర్జన పడితే, మీ అన్నయ్య పేపరు పక్కన పెట్టి, "రాసెయ్యి. మా అమ్మ ఎలాంటిదో మాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. ఇది ఒక్కటే తెలీదు, ఇదీ తెలుసుకుంటాం" అన్నారు.

ఆ రెండు పేజీల జిరాక్సు ఇందులో పెడుతున్నాను. 412 కార్డు కొట్టేసి కొత్త కార్డు రాశాను. ఆధారం దగ్గర ఈసారి రిజిస్టరు, పేజీ, వరస, అన్నీ రాశాను. ఆ పేజీల ఫోటోలు మా లైబ్రరీ వెబ్‌సైటులో కూడా పెట్టించాను. కోశంలో ఏం చేస్తావో నీకే వదిలేస్తున్నాను.

నీ దగ్గర లేనందుకు బాధపడుతూ,
వదిన


మార్చి 11, మంగళవారం

వదినా,

జిరాక్సు ముందు పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ సంతకం అప్పుడు కూడా అలాగే ఉంది, చివర తోక లాగి. ఇరవయ్యేళ్లు కూడా నిండని పిల్ల సంతకం. దాని పక్కనే ఆవిడది.

సిగ్గేసింది. దాచడానికేముంది, ఏడ్చాను కూడా. అమ్మ మీద కోపమొచ్చింది. పోయిన మనిషి మీద కోపమొస్తే ఎవరితో పోట్లాడాలో తెలియదు. ఇంట్లో ఎవరూ సంతకం పెట్టలేదేమో, తాతయ్య వద్దన్నాడేమో, ఊళ్లో మగవాళ్లంతా మొహం తిప్పుకున్నారేమో, ఆవిడొక్కర్తే చీపురు పక్కన పెట్టి వచ్చి సంతకం చేసిందేమో అని ఏవేవో అల్లుకుంటూ పోయాను. తర్వాత ఆపేశాను. ఒక్కదానికీ ఆధారం లేదు. ఎందుకలా చెప్పిందో అమ్మే చెప్పాలి. ఇక చెప్పదు.

మరుసటి రోజు పొద్దున మంచి కుర్చీ దొరికింది. కూర్చుని పాత వాక్యం తీసేశాను. కొత్తగా ఇలా రాశాను: "లైబ్రరీలో చేరిన మొదటి మహిళ అక్కడి ఉద్యోగి (సభ్యత్వ సంఖ్య 58). రెండో మహిళ (సంఖ్య 61) ఆమె పూచీ మీద చేరారు." పేర్లు రెండూ పెట్టాను. మీ లైబ్రరీ వెబ్‌సైటులో నువ్వు పెట్టించిన రిజిస్టరు ఫోటోలకి లింకు ఇచ్చాను. ఇక ఎవరైనా, ఎక్కడున్నా, వాళ్లంతట వాళ్లే తెరిచి చూసుకోవచ్చు. మన మాట నమ్మనక్కర్లేదు. పెద్ద కత్తెర చదివి, ఏమీ కత్తిరించకుండా వెళ్లిపోయాడు.

నర్సమ్మగారు వచ్చినప్పుడు వాళ్లమ్మ మొదటిది అని మాత్రమే చెప్పి ఊరుకోకు. రెండో వాక్యం కూడా చదివి వినిపించు. ఆవిడ పూచీ మీదే మా అమ్మ చదువుకుంది, మా అమ్మ చదువుకుంది కాబట్టే నేను ఈ కుర్చీలో ఉన్నాను. ఇన్నేళ్లూ ఆ మాట దాచినందుకు ఆమె కూతురిగా క్షమాపణ అడిగానని చెప్పు. నాకు ఎదురుగా చెప్పే ధైర్యం లేదు.

చంటి


మార్చి 20, గురువారం

చంటీ,

ఇవాళ వచ్చారు! నల్లకళ్లజోడు పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని నేరుగా కిటికీ పక్క కుర్చీకే వెళ్లారు. ఇంకో వారం దాకా చదవకూడదట. నేనే రిజిస్టరు రెండు చేతులా మోసుకుని వెళ్లి పక్కన కూర్చున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకున్నాను. "ఆ రోజు మీకు రెండు ఆధారాలని చూపించాను, రెండూ మా ఇంట్లోవేనండీ" అన్నాను. తర్వాత యాభై ఎనిమిదో వరస చదివాను. ఆవిడ అడిగిన మొదటి మాట "వేలిముద్రా?" అని. సంతకమండీ అన్నాను. "చూపించండి" అని వేలు చాపారు. వేలు పట్టుకుని అక్షరాల మీద పెట్టాను. మెల్లగా ఒక్కో అక్షరం మీదా తిప్పుకుంటూ వెళ్లారు. పక్కనున్న కూతురు తల వంచి చూసి, "అమ్మమ్మ రాసిందా ఇది?" అంది. ఫోన్ తీసి ఫోటో తీసుకుంది. అది ఒకసారి కాదు, నాలుగైదు సార్లు.

అప్పుడు నీ మాటలు చెప్పాను, ఒక్కటీ మింగకుండా, మీ అన్నయ్యలాగే. ఆవిడ, "మా అమ్మ ఎప్పుడూ ఒకటే చెప్పేదండీ, 'నేను సంతకం పెడితే ఒకమ్మాయి చదువుకుంది' అని. ఎవరమ్మా అంటే, 'ఎవరైతే నీకెందుకు, చెప్పొద్దంది' అనేది. మీ అత్తగారా! పోనీలెండి, చదివారు కదా. అమ్మ పూచీ వృథా పోలేదు" అన్నారు. మీ అమ్మ నర్సమ్మగారి అమ్మని దాచింది, ఆవిడేమో మీ అమ్మ రహస్యాన్ని దాచింది. నీ క్షమాపణకి జవాబేమిటని అడిగితే, "ఆ అమ్మాయిని సుఖంగా ఉండమనండి" అన్నారు. అక్షరం మార్చకుండా రాశాను.

కానీ నీ వాక్యం విని ఒక చోట మొహం చిట్లించారు. "ఉద్యోగి ఏమిటి?" అన్నారు. గౌరవంగా ఉంటుందని రాసి ఉంటారన్నాను. "గౌరవానికేం తక్కువైందని? ఊడ్చేదని రాయమనండి. ఊడ్చి, చేతులు కడుక్కుని, వచ్చి కూర్చుని చదివేదని రాయమనండి. నేను ఆ మెట్ల మీద కూర్చుని రోజూ చూసేదాన్ని. చేతులు ఆరేదాకా పుస్తకం ముట్టుకునేది కాదు" అన్నారు.

అదీ ఆవిడ కోరిక. ఇంకేం అడగలేదు. నువ్వేం చేస్తావో చూడు.

వదిన


ఏప్రిల్ 2, బుధవారం

వదినా,

"సుఖంగా ఉండమనండి" అన్న చోట ఆపి, మళ్లీ మొదటి నుంచి చదివాను.

ఉద్యోగి అన్న మాట అదే రోజు తీసేశాను. ఊడ్చేవారని రాశాను. రిజిస్టరులోనే ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. గౌరవం చేస్తున్నాననుకుని నేనూ అమ్మ చేసిన పనే చేశాను చూడు.

కానీ చేతులు కడుక్కోవడం దగ్గర పెద్ద కత్తెర కత్తెర తీశాడు. "బాగుంది. చాలా బాగుంది. ఆధారం?" అన్నాడు. కూతురు చూసిందండీ అన్నాను. "ఎక్కడ రాసింది?" అన్నాడు. ఎక్కడా రాయలేదు. కత్తిరించేశాడు. నేను వాదించలేదు వదినా. మన ఇంటి మాట ఆధారం కానప్పుడు వాళ్ల ఇంటి మాట మాత్రం ఊరికే ఎలా అవుతుంది?

వెళ్లబోతుంటే ఆయనే పిలిచి, "చూసినవాళ్లు రాయొచ్చుగా" అన్నాడు. అప్పుడు వెలిగింది నా బుర్ర. ఆవిడ రెండు పేజీలు ఇంకా అచ్చుకి వెళ్లలేదు కదా! అది తను కళ్లారా చూసింది, తన పేరుతో రాసేది. అత్తగారు కోడలికి చెప్పి రాయించింది కాదు. వెంటనే వెళ్లి ఆ వాక్యం రాయమను. కళ్లు ఇంకా కుదుటపడకపోతే ఆవిడ చెప్తుండగా నువ్వు రాసిపెట్టు. ఒక్క మాట కూడా నీ సొంతం కలపకు.

చంటి


ఏప్రిల్ 9, బుధవారం

చంటీ,

రాయించాను. ఒక్క మాటా కలపలేదు. "ఆరేదాకా" అన్న చోట "పూర్తిగా ఆరేదాకా" అంటే బాగుంటుందేమో అన్నాను. "మీరు చూశారా?" అన్నారు. ఆవిడ అన్నట్టే రాశాను.

వదిన


మే 5, సోమవారం

వదినా,

పుస్తకం శనివారం అందింది. పద్నాలుగో పేజీ ఎన్నిసార్లు చదివానో చెప్పను, అన్నయ్య పైకి చదువుతాడు.

ఇవాళ పొద్దున వాక్యం చేర్చాను. పెద్ద కత్తెర పుస్తకం తెప్పించుకుని, పేజీ తెరిచి, పేరు చూసి, అచ్చు తేదీ చూసి తల ఊపాడు. ఇప్పుడు కోశంలో, పేర్లూ నంబర్లూ వదిలేస్తే, ఇలా ఉంది, ఏ ఊళ్లో ఎవరు తెరిచినా ఇదే కనిపిస్తుంది:

"లైబ్రరీలో చేరిన మొదటి మహిళ అక్కడ ఊడ్చేవారు. ఊడ్చిన తర్వాత చేతులు కడుక్కుని, అవి ఆరేదాకా ఆగి, కూర్చుని చదువుకునేవారు. రెండో మహిళ ఆమె పూచీ మీద చేరారు."

మా అమ్మ మూడో వాక్యంలో ఉంది. అలవాటు లేక ఒక్క క్షణం మొదటి వాక్యంలోనే వెతికాను. తర్వాత మూడూ కలిపి మళ్లీ చదివాను. ఇంతకు ముందు అమ్మ ఆ పేజీలో ఒంటరిగా ఉండేది.

చంటి